కరుణమ్మ గుర్తుముడి

అన్యాయం ఎవరికి జరిగింది? ఎలా జరిగింది? ఈ రెండు ప్రశ్నలకూ ముందుగా జవాబు చెప్పి, ఆ తరువాతే కథలోకి వెళతాను. ప్రశ్న వేసి జవాబు దాచుకోవడం అమర్యాద అని కాన్వెంటులో మాకు చరిత్ర చెప్పిన సిస్టర్ అగస్తీన గారు నేర్పారు. ఆ అలవాటు ఈ వయసులోనూ నన్ను వదలలేదు.

అన్యాయం జరిగింది పొలుమాటి కరుణమ్మకు. ఆమెది నరసాపురం అవతల, వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటికి దగ్గరగా ఉన్న కొత్తమెరక. కంప్యూటరు ఒక గదిని నిండుగా ఆక్రమించుకునే రోజుల్లో, దానికి జ్ఞాపకశక్తిని చేతులతో అల్లిన ఆడపిల్లల్లో ఆమె ఒకతె. ఒక పెద్ద తుఫాను హెచ్చరిక లేకుండా తీరాన్ని దాటి కొత్తమెరకనూ చుట్టుపక్కల ఊళ్ళనూ ఊడ్చిపెట్టినప్పుడు, ఆ హెచ్చరిక అందకపోవడానికి కారణం కరుణమ్మ వేసిన ఒక ముడి అని విచారణ సంఘం తేల్చింది. అప్పటికి కరుణమ్మ బతికి లేదు. అదే తుఫానులో, అదే ఊళ్ళో, ఉప్పెన ఆమెను తీసుకుపోయింది. నోరు లేనివారి మీద తీర్పు చెప్పడానికి ఎక్కువ ధైర్యం అక్కరలేదు. సంఘంలోని పెద్దలు ఆ కాస్త ధైర్యంతోనే పని ముగించుకున్నారు.

నేను ఆ యంత్రాలను తయారుచేసిన సంస్థలో శిక్షణకు చేరేనాటికి ఇదంతా జరిగి కొన్నేళ్ళయింది. మొదటి వారంలోనే మమ్మల్ని ఒక గాజు బీరువా దగ్గరికి తీసుకువెళ్ళారు. లోపల అరచేతి వెడల్పున ఒక చట్రం ఉంది. చట్రం నిండా నల్లపూసల కంటే సన్నని రింగులు, వాటి గుండా వెంట్రుకల్లాంటి రాగి తీగలు. నిలువు తీగ ఒకటి, అడ్డం తీగ ఒకటి, అన్ని రింగులనూ పలకరిస్తూ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నడిచే వినికిడి తీగ ఒకటి. ప్రతి రింగూ ఒక చిన్న అయస్కాంతం. ఒక పక్కకు తిరిగితే అవును, మరో పక్కకు తిరిగితే కాదు. ఆ అవునులూ కాదులే యంత్రానికి జ్ఞాపకం. దూరం నుంచి చూస్తే అది పళ్ళెం మీద పరిచిన నల్ల లేసులా ఉంది.

మా అధ్యాపకుడు భూతద్దాన్ని ఒక మూలకు జరిపాడు. వినికిడి తీగ చివర చిన్న ముడి కనిపించింది. మూడు మెలికలు, మధ్యలో ఒక కన్ను.

"చూశారా? ఒక్క ముడి. ఇన్ని ఊళ్ళు," అన్నాడాయన. "లేసు అల్లుకునేవాళ్ళ చేతికి యంత్రాన్ని అప్పగిస్తే ఇదే జరుగుతుంది."

అందరూ నవ్వారు. నేను లేచి నిలబడ్డాను. "ఆ ముడి వల్లే తప్పు జరిగిందని ఎవరైనా పరీక్షించి చూశారా సార్?"

"కాన్వెంటు పిల్లవా?"

"అవును సార్."

"కూర్చో."

కూర్చున్నాను. ప్రశ్న మాత్రం కూర్చోలేదు. ఉద్యోగమంతా అది నా పక్కనే నిలబడి ఉంది. కంప్యూటర్ల చరిత్ర అని పుస్తకాలు వచ్చాయి. వాటిలో రూపశిల్పుల పేర్లున్నాయి, మంత్రుల ఫోటోలున్నాయి, ప్రారంభోత్సవం నాడు యంత్రానికి పసుపు రాసి బొట్టుపెట్టి పూలదండ వేసిన దృశ్యం ఉంది. యంత్రానికి దండ వేసినవారు దాన్ని అల్లినవారిని ఫోటోలోకి పిలవలేదు. ఆ తీర్పు తరువాత, ఆ జ్ఞాపకాలను అల్లించిన కర్మాగారం ఆ ఆడపిల్లలందరినీ ఒకేసారి ఇంటికి పంపివేసింది.

*

నా పదవీ విరమణ తరువాత సంస్థ ఆ పాత యంత్రాలన్నిటినీ ఒక గదిలో చేర్చి, నన్ను వాటికి కాపలా పెట్టింది. అక్కడికే షేక్ మస్తాన్ వలీ వచ్చాడు. బాపట్ల వాడు, భౌతికశాస్త్రవేత్త, ఎక్కడ ఏ టీకొట్టులో అల్లం బాగా దంచుతారో శాస్త్రం కంటే ఎక్కువ శ్రద్ధగా చెప్పగలిగేవాడు. తాను కనిపెట్టినదాన్ని నాకు వివరించమన్నాను. అతను జేబులోంచి తాళంచెవి తీసి గోడను గీకాడు.

"ఏమిటా పని? అది ప్రభుత్వ గోడ!"

"ఒక్క నిమిషం మేడమ్. ఇదిగో, పైన తెలుపు. దాని కింద లేత నీలం. దాని కింద పసుపు. ఈ గోడకు ఎవరెవరు ఏ రంగేశారో అన్నీ లోపలే ఉన్నాయి. రింగు కూడా అంతే. కొత్త సంగతి రాస్తే పాతది పోదు, కిందకు అణుగుతుంది. నా మిషను పై పొరను వేడితో కరిగిస్తది. కరిగేటప్పుడు రింగు ఒక చిన్న శబ్దం చేస్తది. ఆ శబ్దమే దానికి గుర్తున్న సంగతి."

"కరిగిన పొర?"

"గీకిన సున్నం మళ్ళీ గోడకు అతుక్కోదు కదా మేడమ్."

దానికి గతశ్రవణి అని పేరు పెట్టాడు. ప్రయోగశాలలోని వాళ్ళు తవ్వుడు మిషను అనేవారు. ముందు చిత్తుగా పడి ఉన్న కొన్ని పలకల మీద, అంటే అలాంటి రింగుల చట్రాల మీద, ప్రయత్నించాము. ఒకదాంట్లో ఏనాటివో పరీక్షల మార్కులు వచ్చాయి. మరొకదాంట్లో ఎవరో ప్రోగ్రామరు విసుగెత్తి రాసుకున్న భోజనాల పట్టీ వచ్చింది, పప్పుచారుతో సహా. మేమిద్దరం నవ్వుకున్నాము. అయితే ప్రతిసారీ చివర ఒకే వాసన: తీగల మీది పూత కాలిన వాసన. పొరలు తవ్వేకొద్దీ రింగులు పెళుసెక్కి చిట్లిపోయేవి. విన్న పలక మిగిలేది కాదు.

ఆ పాత జ్ఞాపకాలకు పుట్టుకతోనే ఒక ధర్మం ఉండేది. రింగులో ఉన్నది చదవాలంటే దాన్ని చెరపక తప్పదు. అందుచేత చదివిన మరుక్షణమే యంత్రం దాన్ని తిరిగి రాసేది. చదివినవాడు తిరిగి రాయాలి. ఇంత మర్యాద గల యంత్రాలను ఆ తరువాత నేను చూడలేదు. మస్తాన్ మిషనుకు ఆ రెండో సగం లేదు.

గాజు బీరువా తాళం నా దగ్గరే ఉంది. డైరెక్టరు అనుమతి కూడా వచ్చింది. మస్తాన్ పలకను తీయబోతే చెయ్యి అడ్డం పెట్టాను.

"డైరెక్టరుగారు సరేనన్నారు కదా మేడమ్?"

"ఈ పలక ఆయన అల్లలేదు. అల్లినవారి తాలూకు మనుషులను అడుగుదాం."

*

కరుణమ్మ అక్క సువార్తమ్మ కొత్తమెరకలోనే ఉంది. ఇద్దరూ ఆ కర్మాగారంలో పక్కపక్కన కూర్చుని పనిచేసినవాళ్ళు. డెబ్బై దాటినా కళ్ళజోడు ముక్కు చివరకు జార్చుకుని, మాట్లాడుతూనే లేసు అల్లుతోంది. చేతిలోని కొక్కెం సూది ఆగలేదు. ఆమె కూతురు ఏస్తేరు ఊళ్ళోని లేసు సంఘాన్ని నడుపుతోంది. వసారా నిండా తెల్లని పువ్వులు, ఆకులు, అంచులు. ఒక్కొక్క పువ్వు ఒక్కొక్క ఇంటి నుంచి వస్తుంది. అన్నిటినీ కలిపి ఒకే బట్టగా చేసే పనిని అతుకు పని అంటారు.

టీలో పంచదార వద్దన్నాను.

"అలాగనకండి మేడంగారూ, మా ఊళ్ళో పంచదారొద్దంటే సుగరొచ్చిందని జాలిపడి ప్రార్థన పెట్టించేత్తారు," అంది సువార్తమ్మ.

గాజు బీరువా సంగతీ, వచ్చిన పనీ చెప్పగానే ఆమె సూది ఆగింది.

"ఆ ముడి సంగతి మీకెవరూ చెప్పలేదాండి?"

"చెప్పలేదు."

ఆమె ఒక లేసు పువ్వు తీసి వెనక్కి తిప్పింది. దారం చివర చిన్న ముడి. "ఇది నాది. రెండు మెలికలు. ఇది పక్కింటి రాహేలుది, ఈవిడికి మెలిక ఎడమ పక్కకి పోద్ది. అతుకేసే మనిషికి ఎవరి పువ్వో తెలవాలి కదండి. అందుకని పనైపోయేక ప్రతోళ్ళూ తమ గుర్తుముడి ఏత్తారు. వెయ్యకపోతే చెయ్యి ఊరుకోదు. కరుణది మూడు మెలికలూ ఒక కన్నూను."

"అయితే ఆ పలక అల్లింది కరుణమ్మేనా?"

"సగం నాది, సగం దానిది." ఆమె గొంతు తగ్గింది. "పలక నాకిచ్చేరండి. మేం జల్లెడనేవోళ్ళం. సగమయ్యేటప్పటికి నాకు ఏస్తేరు కడుపులో ఉండి చేతేళ్ళు ఉబ్బిపోయినయ్యి. సూది నిలవలేదు. కుదరదంటే పనిలోంచి తీసేత్తారు. కరుణ తన పని ముగించుకుని నా పలక లాక్కుంది. 'అక్కా, చేబదులే. తిరిగిచ్చేయాలి' అంది. మాలో చేబదులంటే డబ్బు కాదండి. ఒకళ్ళకి ఒంట్లో బాలేకపోతే ఇంకోళ్ళు అల్లిపెడతారు. తరవాత అంతకంతా అల్లి తీర్చాలి. డబ్బిత్తే పుచ్చుకోరు. ముడి మాత్రం అల్లినోళ్ళదే ఏత్తారు, బాకీ కనపడాలని. తీర్చేటప్పుడు అప్పిచ్చినోళ్ళ ముడి ఏత్తారు."

"తీర్చలేదా?"

"ఎక్కడ తీర్చేనండి?" అంది.

ఆ తరువాతి సంగతి ఏస్తేరు చెప్పింది. సువార్తమ్మ పురిటికి ఊరొచ్చింది. పలక తుఫాను హెచ్చరిక కేంద్రపు యంత్రంలోకి వెళ్ళింది. ఏస్తేరు బాప్తీసం చూడటానికి కరుణమ్మ సెలవు పెట్టి వచ్చింది. చీకటి పడేవేళ నీళ్ళు వచ్చాయి. ముందు అక్కను ప్రార్థన గుడి అటక మీదికి ఎక్కించి, తరువాత బిడ్డను పైకి అందించింది. మూడోసారి, ఆమెను లాగడానికి అక్క చెయ్యి చాచేటప్పటికి కింద చెయ్యి లేదు.

"కొన్నాళ్ళకి పెద్దోళ్ళు వచ్చేరండి," అంది సువార్తమ్మ. "టోపీలు పెట్టుకుని, జీపులో. పెద్ద ఫోటో చూపించేరు. ఫోటోలో ఇంత లావు ముడి. 'ఇదేంటో నీకు తెలుసా అమ్మా?' అన్నారు. చూసేటప్పటికి... మూడు మెలికలూ, కన్నూను. దాని శవం కూడా దొరకలేదండి మాకు. దాని చెయ్యే తిరిగొచ్చినట్టనిపించి ఆ ఫోటోకి ముద్దెట్టుకున్నాను. 'ఇది మా కరుణదేనండి, మా కరుణదే' అన్నాను. వాళ్ళు రాసుకున్నారు."

ఆమె దారపు ఉండను ఒళ్ళోకి లాక్కుని మళ్ళీ మొదలుపెట్టింది.

"తరవాత పేపర్లో వచ్చింది. ఊళ్ళో ఇంటికి ఇద్దరు ముగ్గురు పోయేరు. 'మన పిల్ల చెయ్యే మనల్ని ముంచింది' అన్నారు. పోయినోళ్ళ పేర్లు రాయి మీద చెక్కించేరు. దాని పేరొద్దన్నారు. నేనేం చెప్పనండి? దాని చేతి మీద దోషం లేదని నాకేం తెలుసు? నా నోటితోనే పేరు చెప్పేను. ఇన్నేళ్ళూ దాన్ని నమ్మేనా, నమ్మలేదా అంటే... దేవుడి ముందు కూడా జవాబు చెప్పలేను."

మస్తాన్ తన మిషను సంగతి చెప్పాడు. వింటే నిజం తెలుస్తుందనీ, వింటే పలక ఉండదనీ రెండూ దాచకుండా చెప్పాడు. అందుకు అతన్ని నేను మెచ్చుకున్నాను.

ఏస్తేరు లేచి నిలబడింది. "కుదరదండి. మా పిన్ని ఫోటో ఒక్కటి లేదు. చీర లేదు, సమాధి లేదు. లోకంలో ఆవిడ చేతిది ఏదైనా ఉందంటే అదొక్కటే. దాన్ని కాల్చి ఏం తెలుసుకుంటారు? తప్పు ఆవిడదే అని తేలితే? అప్పుడు పలకా పోయి, పేరూ పోయి, మాకేం మిగులుద్ది?"

ఆమె అడిగింది న్యాయమైన ప్రశ్న.

"ఆ ముడి వరకూ కోసి ఇచ్చేయకూడదా బాబూ?" అంది సువార్తమ్మ.

"ముడి కోస్తే వినికిడి తీగ తెగిపోతదమ్మా. పలక మూగదైపోతది," అన్నాడు మస్తాన్.

సువార్తమ్మ చేతిలోని పువ్వును ముందుకీ వెనక్కీ తిప్పింది. "ఏస్తేరూ, నీకు పిన్ని చేతిపని కావాలి. నాకూ కావాలి. కానీ ఆ గాజు బీరువాలో అది దాని చేతిపనిలా లేదు కదే. దాని తప్పులా ఉంది. ఏడాదికేడాది కుర్రాళ్ళని తీసుకొచ్చి చూపించి నవ్వుకుంటున్నారని ఈవిడే చెప్పింది కదా. అలాగుండేకంటే..." మస్తాన్ వైపు తిరిగింది. "నేనూ వస్తాను బాబూ. నేను లేకుండా ముట్టుకోవద్దు."

*

ప్రయోగశాలలో ఆమె చెప్పులు బయటే వదిలింది. పలకను బీరువాలోంచి తీసి ఆమె ఒళ్ళో పెట్టాను. చూపుడు వేలితో ఒక్కొక్క వరుసా తడుముతూ పోయింది. సగం దగ్గర ఆగి, "ఇక్కణ్ణుంచి దానిది," అంది. భూతద్దంలో చూసినా నాకు తేడా కనిపించలేదు. ముడి మీద వేలు కాసేపు ఉంచి, పలకను తానే మస్తాన్ చేతికి ఇచ్చింది.

మిషను మొదలైంది. స్పీకరులోంచి చేటలో బియ్యం చెరిగినట్టు సన్నని శబ్దం. తెర మీద పలక నమూనా వెలిగింది.

మొదటి పొర విచారణ సంఘం వారిది. తుఫాను తరువాత వారు యంత్రం మీద చేసిన పరీక్షలు అవి. మస్తాన్ ముందుకు వంగాడు.

"మేడమ్, ముడి పక్క రింగులనే పట్టుకున్నారు. అవును అని రాశారు, చదివారు. కాదు అని రాశారు, చదివారు. అదేపనిగా ఇదే పని."

"తప్పు వచ్చిందా?"

అతను పొర అంతా తవ్వాకే తల ఎత్తాడు. "రాలేదు మేడమ్. ఒక్కసారి కూడా."

"అంటే ఏంటి బాబూ?" అంది సువార్తమ్మ.

"అంటే, ముడి బాగానే ఉందని వాళ్ళకు తెలుసమ్మా. తెలిసే రాశారు."

శిక్షణనాడు నేను వేసిన ప్రశ్నకు జవాబు దొరికింది. పరీక్షించి చూశారు. చూసి, అబద్ధం చెప్పారు. చేతులు వెనక్కి కట్టుకున్నాను; కోపాన్ని ప్రయోగశాలలో ప్రదర్శించడం నాకు అలవాటు లేదు.

కాలిన పూత వాసన మొదలైంది. మస్తాన్ మరింత కిందకు దిగాడు. తుఫాను నాటి పొర వచ్చింది. ఆ యంత్రపు భాష అక్కడ నాకొక్కదానికే వచ్చు. తుఫాను ఏ చోట తీరం దాటబోతోందో చెప్పే అంకెలు ఉండే వరుస ఎక్కడో నాకు తెలుసు. పైన ఉన్నది చదివాను: నెల్లూరుకు దక్షిణంగా. ఆనాడు రేడియోలో వెలువడిన హెచ్చరిక అదే.

"ఈ అంకె శబ్దం వేరేగా ఉంది మేడమ్," అన్నాడు మస్తాన్. "మిగతావన్నీ ఒక్క ఊపులో పడ్డాయి. ఇది ఒక్కొక్కటిగా, ఆగి ఆగి పడింది. మనిషి మీటలు నొక్కి ఎక్కించింది."

"దాని కింద?"

దాని కింద యంత్రం తానుగా లెక్కకట్టిన చోటు ఉంది. వశిష్ఠ గోదావరి ముఖద్వారం.

ఆ కింద మళ్ళీ మనిషి చెయ్యి, నెల్లూరు. ఆ కింద మళ్ళీ యంత్రం, వశిష్ఠ. మధ్యాహ్నం నుంచి కొత్త పరిశీలన వచ్చినప్పుడల్లా యంత్రం లెక్క సరిచేసి కొత్తమెరక వైపే వేలు చూపించింది. ప్రతిసారీ ఒక చెయ్యి దాన్ని తుడిచి, తనకు నచ్చిన తీరాన్ని రాసింది. కరుణమ్మ అల్లిన రింగులు తమకు ఇచ్చినదాన్ని ఇచ్చినట్టే పట్టుకున్నాయి, నిజాన్నీ అబద్ధాన్నీ కూడా.

ఎందుకలా చేశాడా మనిషి, హెచ్చరిక కేంద్రంలో ఆనాటి అధికారి? ఆ ఏడే ముందొకసారి ఆ తీరానికి హెచ్చరిక ఇచ్చి, తుఫాను రాక, ఊళ్ళు ఖాళీ చేయించినందుకు పైవారి చేత చీవాట్లు తిన్నాడని నాకు తరువాత తెలిసింది. యంత్రాన్ని నమ్మడానికి భయపడ్డాడు. భయాన్ని నేను అర్థం చేసుకోగలను. ఆ భయాన్ని చచ్చిపోయిన ఒక పిల్ల వేసిన ముడి కింద దాచడాన్ని మాత్రం క్షమించలేను. అతని పేరు నాకు తెలుసు. ఇప్పుడు అతనూ జవాబు చెప్పుకోలేనివాళ్ళలో చేరాడు గనుక, కరుణమ్మకు చేసినదాన్ని నేను అతనికి చేయను. తగిన చోట, తగిన ఆధారాలతో ఆ పేరు దాఖలు చేశాను, ఇక్కడ అక్కరలేదు.

సువార్తమ్మ తెరను చూడటం లేదు. "అయితే మజ్జానమే తెలుసాండి?" అంది.

"తెలుసు సువార్తమ్మగారూ. యంత్రానికి తెలుసు."

"మజ్జానం మేం ఏస్తేరు టోపీకి లేసు కుడుతున్నామండి. కరుణ చుట్టూ కుట్టింది, నేను రిబ్బను కట్టేను. మజ్జానం ఎవరైనా చెప్పుంటే పిల్లనెత్తుకుని పాలకొల్లు ఎల్లిపోయుందుమండి. దారిలో కరుణ నస భరించలేక ఛస్తూ ఎల్లుందుము. బస్సెక్కితే పాటలు పాడేది, ఆపేది కాదు." ఆమె నవ్వబోయింది. నవ్వు మధ్యలో విరిగింది. "అది చెప్పిందండి. దాని పలక చెప్పిందండి. ఎవరూ విన్లేదంతే."

ఏస్తేరు వచ్చి తల్లి తలను తన పొట్టకు ఆనించుకుంది. స్పీకరు శబ్దం పల్చబడి ఆగిపోయింది. చట్రంలో సగానికి పైగా రింగులు చిట్లి పొడి అయ్యాయి. ముడి ఉన్నచోట ఒక నల్లని చుక్క. మస్తాన్ చట్రాన్ని దూదిలో పెట్టి, గుండెకు పట్టుకుని నిలబడ్డాడు. ఎవరికివ్వాలో అతనికి తెలియలేదు.

*

మా సంస్థ డైరెక్టరు విషయాన్ని ఒక పత్రికా ప్రకటనతో సరిపెట్టాలనుకున్నాడు. నేను ఒప్పుకోలేదు. ఎవరి ముందు పరువు తీశారో వారి ముందే పరువు తిరిగి ఇవ్వాలని చెప్పాను. ఇది చిన్నపిల్లలకు కూడా నేర్పే మర్యాద అని కూడా చెప్పాను. ఒక ఆదివారం ఆయన కొత్తమెరక గుడిలో, ఆరాధన తరువాత, నిలబడి చదివాడు: పొలుమాటి కరుణమ్మ చేతిపనిలో ఏ లోపమూ లేదు, యంత్రం సరైన హెచ్చరికే ఇచ్చింది, దాన్ని తుడిచినవారు మనుషులు, విచారణ సంఘానికి ఆ సంగతి తెలుసు.

ముందు వరుసలో కర్ర పట్టుకుని ఒక ముసలాయన కూర్చున్నాడు. యోహాను అంటారు. ఉప్పెనలో భార్యనూ ఇద్దరు పిల్లలనూ పోగొట్టుకుని, రాయి మీద కరుణమ్మ పేరు వద్దని అందరికంటే గట్టిగా పట్టుబట్టినవాడు. అందరూ లేచాక అతను సువార్తమ్మ దగ్గరికి వచ్చాడు.

"సువార్తా, ఆ రాయి మీద చోటుందంటావా?"

"లేకపోతే ఏం చేత్తావు?"

"మా ఆవిడ పేరు పక్కన కాస్త ఖాళీ ఉంది. దానికీ కరుణకీ బాగా పడేది. చెక్కించేత్తాను."

"మాట వరసకి అడుగుతున్నావా, నిజంగా చెక్కిత్తావా?"

"ఉలి మనిషిని బయట కూచోబెట్టే లోపలికొచ్చేనే!"

ఆ మధ్యాహ్నమే పేరు రాతిలోకి ఎక్కింది. పొడి ఊదేసి, యోహాను తన అరచేతిని అక్షరాల మీద ఆనించాడు. చాలాసేపు తీయలేదు.

న్యాయం అక్కడితో పూర్తయిందని నేను అనుకున్నాను. తిరుగు ప్రయాణానికి కారెక్కబోతుంటే సువార్తమ్మ పిలిచింది.

"మేడంగారూ, ఆ రింగులూ తీగా మళ్ళీ దొరుకుతాయాండి?"

"ఎందుకు?"

"ఆ పాత మిషనులో చదివింది తిరిగి రాయాలని ఆ రోజు చెప్పేరు కదండి మీరు. నా బాకీ కూడా అలాగే ఉండిపోయింది."

*

రింగులు దొరికాయి. మూతపడ్డ ఆ కర్మాగారపు గోదాములో ఒక రేకు డబ్బా మిగిలి ఉంటే, మస్తాన్ అక్కడి గుమస్తాతో వారాలపాటు టీలు తాగి సంపాదించుకొచ్చాడు. కాలిపోయిన పలకలో చిట్లని రింగులను ఏరి వాటిలో కలిపాడు. చట్రం మాత్రం పాతదే.

మొదటి సగాన్ని ఏస్తేరు అల్లింది. అది తన తల్లి వాటా గనుక తనకు చెల్లుతుందని వాదించింది. రెండో సగం దగ్గర చెయ్యి పెట్టబోతే సువార్తమ్మ కసిరింది.

"అమ్మా, నీ కళ్ళు కనపడవు. కొంచెం పట్టుకుంటాను."

"చేబదులు నువ్వు తీరుత్తావా? అప్పు పుచ్చుకున్నది నేను. అవతలికి జరుగు, ఎలుతురుకి అడ్డం."

వానాకాలం పోయి మంచు మొదలైంది. నేను రెండుమూడు సార్లు వెళ్ళాను. ప్రతిసారీ ఆమె వసారాలో, పెద్ద భూతద్దం కింద, రింగుల గుండా తీగను నడిపిస్తూ కనిపించేది. నడుం నొప్పెడితే లేచి పెరట్లో నాలుగడుగులు వేసి వచ్చేది. ఒకసారి తీగ తెగితే వరుసంతా విప్పి మళ్ళీ అల్లింది. అతికించవచ్చని మస్తాన్ సలహా ఇచ్చాడు.

"అది నాకు అతికిచ్చి ఇవ్వలేదు బాబూ," అంది.

పని చేస్తూ చెల్లెలితో మాట్లాడుతుండేదని ఏస్తేరు నాకు చెప్పింది. తిట్టేదట కూడా. గుడి అటక ఎక్కకుండా కింద ఉండిపోయినందుకు.

క్రిస్మస్ ముందటి శనివారం ఉదయం మమ్మల్ని రమ్మని కబురు వచ్చింది. ఊళ్ళో లేసు అల్లే ఆడవాళ్ళంతా వసారాలో చేరారు. యోహాను అరుగు మీద కూర్చున్నాడు. ఆఖరి వరుసలో ఆఖరి రింగు మిగిలి ఉంది. సువార్తమ్మ తీగను దాని గుండా లాగి, చివరను వేలికి చుట్టుకుంది. ఒక మెలిక. రెండో మెలిక. రెండు మెలికల దగ్గర ఆమె వేళ్ళు ఆగాయి. ఆమె సొంత గుర్తు అక్కడితో అయిపోతుంది. మూడో మెలిక వేసి, మధ్యలో కన్ను తెరిచి, బిగించింది.

మస్తాన్ పలకను తాను తెచ్చిన చిన్న పెట్టెకు కలిపాడు. ఇది తవ్వే మిషను కాదు; ఆ పాత యంత్రపు పద్ధతిలోనే నడిచేది. ఆనాటి మధ్యాహ్నం యంత్రం లెక్కకట్టిన అంకెలను పలకలోకి పంపాడు. తరువాత చదవమన్నాడు. ఒక చిన్న శబ్దం. వశిష్ఠ గోదావరి ముఖద్వారం, అని పలక జవాబు చెప్పింది. చెబుతూనే చెరిగింది, చెరిగిన క్షణంలోనే తిరిగి రాసుకుంది. మళ్ళీ అడిగాము. మళ్ళీ అదే చెప్పింది. ఈసారి దాన్ని తుడిచే చెయ్యి లేదు.

ఏస్తేరు ఒక పాత తెల్లని టోపీ తెచ్చింది. అరచేతిలో ఇమిడే టోపీ, చుట్టూ లేసు. ఉప్పెన నాడు బిడ్డ తల మీద ఉన్నది, ఇన్నేళ్ళూ బట్టల అడుగున పడి ఉన్నది. దాని అంచును వెనక్కి తిప్పి చూపించింది. మూడు మెలికలు, ఒక కన్ను. తన పిన్ని చేతిది ఆ పలక తప్ప ఒక్కటీ మిగల్లేదని వాదించిన మనిషి, తాను తొడుక్కున్న టోపీ చుట్టూ కుట్టింది ఎవరో ప్రయోగశాలలో తల్లి నోట వినేదాకా ఎరుగదు.

సువార్తమ్మ టోపీని పలక పక్కన పెట్టి, రెండు ముడుల మీదా రెండు వేళ్ళు ఉంచింది.

"ఇదుగోనే కరుణా," అంది, పక్క పీట మీద కూర్చున్న మనిషితో అన్నట్టుగా. "నీ సగం నీకు ముట్టింది. లెక్క చూసుకో. ఒక్క రింగు కూడా తగ్గలేదు."